ఇంపోర్ట్ లైను మారిస్తే అయిపోదు, థ్రెడ్ల సంగతి చూడాలి

"పైజీటీకేలో రాసిన పాత ప్రోగ్రాంని జీటీకే 3కి మార్చడం ఒక పూట పని. ఇంపోర్ట్ లైను మార్చు, పేర్లు సరిచెయ్యి, థ్రెడ్ల జోలికి పోవద్దు." తిరుపతిలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ల ఫోన్లలో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. జీటీకే అంటే విండోలు, బటన్లు గీసే సీ లైబ్రరీ, పైజీటీకే అంటే జీటీకే 2ని పైథాన్ నుంచి వాడే పాత దారి. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలు దీన్ని నమ్మి పని ఒప్పుకుంటున్నారు, అందుకే రాస్తున్నా.

పేర్లు మార్చడం సులువే, ఒప్పుకుంటా. గొడవంతా థ్రెడ్లతోనే, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులతో. లేబుల్, బటన్ లాంటి విడ్జెట్లని మెయిన్ థ్రెడ్డు తప్ప ఇంకోటి ముట్టుకోకూడదు.

"థ్రెడ్స్ ఎంటర్, థ్రెడ్స్ లీవ్ ఉన్నాయిగా" అంటున్నారు. ఒక థ్రెడ్డు విడ్జెట్‌ని ముట్టుకునేటప్పుడు మిగతావి రాకుండా వేసే, తీసే తాళాలవి. 2012లో జీటీకే 3.6 వచ్చినప్పుడే వాటిని వాడొద్దని చెప్పేశారు. 2020 డిసెంబర్‌లో వచ్చిన జీటీకే 4లో అవి అసలు లేవు.

"పైథాన్‌లో జీఐఎల్ ఉంది, భయం లేదు" అనేది ఇంకా ప్రమాదం. జీఐఎల్ అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడిపేలా చూసే తాళం, అది చూసుకునేది పైథాన్ లోపలి వ్యవహారమే. విడ్జెట్ ఉండేది సీ లైబ్రరీలో, ఆ లైబ్రరీ ఫంక్షన్ని పిలిచేటప్పుడు, పైథాన్‌ని జీటీకేకి కలిపే పైజీఆబ్జెక్ట్ జీఐఎల్‌ని వదిలేస్తుంది. అంటే సరిగ్గా కావాల్సిన చోటే కాపలా లేదు.

ఇక "మా మెషీన్‌లో బాగానే నడిచింది" అనే మాట. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వేబ్రిడ్జి ప్రోగ్రాం నేనే మార్చాను. ఒక థ్రెడ్డు సీరియల్ పోర్టు నుంచి బరువు చదివి నేరుగా లేబుల్ మీద రాసేది, స్లిప్ కూడా ఆ లేబుల్లో ఉన్న అంకెనే తీసుకునేది. ఇంట్లో రెండు రోజులు నడిపా, ఏమీ కాలేదు. జూన్‌లో తోతాపురి ట్రాక్టర్లు గేటు బయటిదాకా నిలబడ్డ రోజు, ఒక బండి కాటా దిగి వెళ్లిపోయినా తెరమీద దాని బరువే ఉండిపోయింది, వెనక వచ్చిన రైతుకి ఆ అంకెతోనే స్లిప్ వచ్చింది. "అన్నా, నా బండిలో ఇంత కాయ లేదే" అని ఆయనే చెప్పాడు కాబట్టి తెలిసింది. అదే తక్కువ పడుంటే ఆ రైతు సీజన్ కష్టం ఏమయ్యేది? థ్రెడ్డుని అలాగే వదిలేసిన తప్పు నాదే.

పద్ధతి ఇది. థ్రెడ్డు బరువు చదవడం వరకే చెయ్యాలి. లేబుల్ మార్చే పనిని ఒక ఫంక్షన్‌గా రాసి జీటీకేకి తోడుండే జీలిబ్ లైబ్రరీలోని ఐడిల్ యాడ్ అనే ఫంక్షన్‌కి ఇస్తే, విండోని నడిపే మెయిన్ లూప్ వీలు చూసుకుని తన థ్రెడ్డులోనే దాన్ని నడుపుతుంది. ఆ ఫంక్షన్ చివర ఫాల్స్ ఇవ్వాలి, ట్రూ ఇస్తే అదే పని ఆగకుండా జరుగుతూ ప్రాసెసర్‌ని తినేస్తుంది. స్లిప్‌కి బరువు లేబుల్ నుంచి తీసుకోకూడదు, చదివిన టైముతో సహా అసలు విలువనే దాచిపెట్టుకుని వాడాలి.

థ్రెడ్లే తీసేద్దామంటే, కాటా బరువు పంపే ఇండికేటర్ జవాబివ్వని ప్రతిసారీ విండో బిగుసుకుపోతుంది.

జీటీకే 4కి పోతే డైలాగ్ రన్ కూడా లేదు. "స్లిప్ ప్రింట్ చెయ్యాలా" అని అడిగి జవాబు వచ్చేదాకా అక్కడే ఆగే కోడ్‌ని విడగొట్టి, మిగతాది జవాబు వచ్చాక నడిచేలా రాసుకోవాలి. ఇదంతా ఒక పూటలో ఎలా అవుతుంది?

పని ఒప్పుకునే ముందు ఏ థ్రెడ్డు ఏ విడ్జెట్‌ని ముట్టుకుంటోందో కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే ఎన్ని రోజులు పడుతుందో చెప్పండి. నా ప్రోగ్రాంలో అలాంటి చోట్లు పదకొండు దొరికాయి.