బ్లైండ్‌లో కట్టిన చిప్స్ ఇక మనవి కావు

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో శనివారం రాత్రుళ్లు పేక పడుతుంది. ఆడేది పోకర్. అందరం తెలుగువాళ్లమే, డబ్బు ఉండదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాక, యాప్‌లో ఆడే ఇద్దరు ముగ్గురు కూడా మా బల్ల దగ్గరికే చేరారు. తలా 2000 చిప్స్. ముక్కలు పంచకముందే వంతు ప్రకారం ఇద్దరు కట్టి తీరాల్సిన చిప్సే బ్లైండ్లు: స్మాల్ బ్లైండ్ 10, బిగ్ బ్లైండ్ 20. వాటిని కట్టే సీట్లకీ, ఆ సీట్లలో కూర్చున్నవాళ్లకీ అవే పేర్లు.

మొన్న ఒక ఆటలో బటన్ మీద, అంటే ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడే సీటులో, ఉన్నతను పందెం 50కి పెంచాడు. స్మాల్ బ్లైండ్‌లో మా నెల్లూరు మిత్రుడు. చేతిలో ఆసు, ఆరు, గుర్తులు వేరు. "పది ఎలాగూ కట్టేశా కదా మావా" అంటూ ఇంకో 40 వేశాడు. బిగ్ బ్లైండ్ వదిలేశాడు. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆసు, తొమ్మిది, నాలుగు. మావాడు చెక్ అన్నాడు, అంటే ఏమీ వేయకుండా వంతు దాటించాడు. అవతల 60 పడింది, మావాడు కాల్, అంటే అంతే వేసి ఆటలో నిలిచాడు. నాలుగో ముక్క అయిన టర్న్‌లో రాణి వచ్చింది. 150, కాల్. చివరిదైన ఐదో ముక్క, రివర్‌లో రెండు. 300, మళ్లీ కాల్. అవతలివాడు ముక్కలు తిప్పితే ఆసు, జాకీ. ఇద్దరికీ ఆసుల జతే, పక్క ముక్క దగ్గర మావాడు ఓడిపోయాడు. పది చిప్స్ వదులుకోలేక ఇంకో 550 పోగొట్టుకున్నాడు.

అందరూ ఆ రివర్ కాల్‌ని తప్పుపట్టారు. నా దృష్టిలో అసలు తప్పు మొదట వేసిన ఆ 40.

ఈ అలవాటు మనకు ఎలా వచ్చిందో ఊహించగలను. మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. అది మనం ఎంచుకునేది, పైగా చూసినవాడు పెట్టేదాంట్లో సగం పెడితే చాలు. పోకర్‌లో బ్లైండ్ వంతు వచ్చినప్పుడు కట్టి తీరాల్సింది. మనకు తెలిసినవాటిలో దీనికి దగ్గరి చుట్టం రమ్మీలో డ్రాప్. ముక్కలు బాగాలేకపోతే 20 పాయింట్లు రాయించుకుని తప్పుకుంటాం. ఆ 20కి మనసొప్పక కూర్చుని 80 కౌంట్ ఇచ్చేవాణ్ని మన ఇళ్లలో ఎవరూ ఆటగాడు అనరు. రమ్మీలో చిన్నప్పుడే వంటబట్టిన ఈ సంగతి పోకర్ బల్ల దగ్గర గుర్తురాదు.

కట్టిన చిప్స్ పాట్‌లో, అంటే గెలిచినవాడికి దక్కే బల్ల మధ్య కుప్పలో, కలిసిపోయాయి. ఇప్పుడు ఎంత వేసి ఎంతకు పోటీ పడుతున్నాం అన్నదే లెక్క. పై ఆటలో 50, 10, 20 కలిపి 80 ఉంది. స్మాల్ బ్లైండ్ 40 వేస్తే పాట్ 120, కాబట్టి కనీసం 33 శాతం గెలిచే అవకాశం కావాలి. అతను వదిలేస్తే బిగ్ బ్లైండ్ 30 వేసి 110కి పోటీ పడతాడు. 27 శాతం చాలు. తేడా ఆరు శాతమేగా అనిపిస్తుంది. కానీ స్మాల్ బ్లైండ్ కాల్ చేశాక వెనక బిగ్ బ్లైండ్ ఇంకా మిగిలే ఉన్నాడు, అతను మళ్లీ పెంచితే ఆ 40 కూడా గోవిందా. పైగా ఫ్లాప్ నుంచి రివర్ దాకా ప్రతిసారీ ముందు ఆడాల్సింది స్మాల్ బ్లైండే. ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియకుండా మూడుసార్లు నిర్ణయం తీసుకోవాలి. అందుకే అక్కడ కాల్‌ని దాదాపు మరిచిపోవాలంటాను. ముక్కలు బాగుంటే 200 దాకా పెంచాలి, లేదంటే వదిలేయాలి.

అలాగని ఇద్దరూ ముడుచుకుని కూర్చుంటే బటన్ మీదివాడికి పండగే. 30 గెలుచుకోవడానికి అతను 50 పెడుతున్నాడు. ఎనిమిదింట ఐదుసార్లు ఇద్దరూ వదిలేస్తే అతనికి నష్టం లేదు, అంతకు మించి వదిలేస్తే ఏ రెండు ముక్కలతోనైనా లాభమే. ఈ కాపలా బరువు ఎక్కువగా మోయాల్సింది బిగ్ బ్లైండ్. ఒకే గుర్తు ఏడు, ఆరు ఉన్నాయనుకోండి. ఎదుట ఆసు, రాజు ఉన్నా మనం గెలిచే అవకాశం దాదాపు 40 శాతం. ముందు ఆడాల్సి రావడం వల్ల అందులో కొంత చేజారుతుంది, అయినా 27కి పైనే ఉంటాం. ఫ్లాప్ తగలకపోతే వదిలేయడమూ తేలికే. ఆసు, ఆరు అలా వదలనివ్వవు, చూశాం కదా.

రైజ్, అంటే పందెం పెంపు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. బటన్ మీదివాడు నానా ముక్కలతో పెంచుతాడు. అందరికంటే ముందు ఆడే మొదటి సీటువాడు తన తర్వాత ఇంకా అంతమంది ఆడాల్సి ఉందని తెలిసే పెంచాడు, అతని ముందు అదే ఏడు, ఆరుకి అంత విలువ ఉండదు. 50 బదులు 100 చేస్తే బిగ్ బ్లైండ్‌కి కావాల్సింది 38 శాతం, అప్పుడు చాలా ముక్కలు వదిలేయాల్సిందే. అందరూ తప్పుకుని బ్లైండ్లిద్దరే మిగిలితే ఫ్లాప్ నుంచి బిగ్ బ్లైండ్ తర్వాత ఆడతాడు, కాబట్టి అతను ధైర్యంగా ఆడొచ్చు.

బ్లైండ్లలో బాగా ఆడేవాళ్లూ మొత్తం మీద నష్టపోతారు. బిగ్ బ్లైండ్‌లో ప్రతిసారీ వదిలేసేవాడికి 100 సార్లకు 2000 పోతాయి. మీకు 1200 పోతే, 800 మిగుల్చుకున్నట్టు లెక్క. మా మిత్రుడు ఇప్పుడు ఒక నోటుబుక్ పెట్టాడు. స్మాల్ బ్లైండ్‌కి ఒక పేజీ, బిగ్ బ్లైండ్‌కి ఒకటి, మిగతా సీట్లన్నిటికీ కలిపి ఒకటి. పోయిన శనివారం స్మాల్ బ్లైండ్‌లో ఆసు, ఐదు వచ్చాయి, ముందు రైజ్ ఉంది. కాసేపు చూసి ముక్కలు లోపలికి తోసి, పేజీలో 10 అని రాసుకున్నాడు.