విండోస్ 7 వాడేటోళ్లని వెలి వేయాల్సిందే

దేశం ముందుకు పోవాలంటే ఫస్టు కర్నూలు మార్కెట్ యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో ఉన్న కంప్యూటర్ని పీకేయాలి. దాంట్లో ఇంకా విండోస్ 7 ఉంది. 2020 జనవరి 14తోనే దానికి సపోర్ట్ అయిపోయినా ఆ కొట్టన్న కొంచెం కూడా సిగ్గు లేకుండా దాని మీదే ఉల్లి లెక్కలు కొడుతుంటాడు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్ర్ కర్ర్ మని బిల్లులు కక్కుతుంటాది, రైతులు చింపుకోని పోతుంటారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అదే కదా అసలు ఇబ్బంది.

మొన్న ఆయన వాడే చిన్న కమాండ్ లైన్ టూల్‌కి కొత్త వర్షన్ వేసిచ్చినా. అది చేసేది ఏందంటే ఒక టెక్స్ట్ ఫైల్ చదివి, కామాలు తీసేసి, ఇంకో ఫైల్లో రాస్తుంది, అంతే. ఎంటర్ కొట్టంగానే డబ్బా లేచింది: 'గెట్‌సిస్టమ్‌టైమ్‌ప్రిసైస్‌యాజ్‌ఫైల్‌టైమ్' అనే ఫంక్షన్ విండోస్ సొంత లైబ్రరీ ఫైలు కెర్నెల్32లో లేదంట. విండోస్ 8తో వచ్చిన ఫంక్షన్ అది, మైక్రోసెకండు కన్నా సన్నగా టైము చెప్తాది. చెప్పాల్సిందే మరి, పొద్దున్నే వస్తాండా అన్న లారీ సందేళకి దిగే యార్డులో అంత కచ్చితమైన టైము లేకుంటే వ్యాపారం ఎట్ల జరుగుతాది? ఇంకా గొప్ప సంగతి, టూల్ రాసినాయన ఆ ఫంక్షన్ని పిలవనే లేదు, కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌తో వచ్చిన లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఆయన తరఫున పిలిచేసింది.

"ఏందప్పా ఇది, నిన్నటి దాకా బాగనే ఉండె కదా" అన్నాడు అన్న. "నువ్వు వెనకబడినావని నిన్నటి దాకా నీకు తెలీదన్నా" అని ఓపిగ్గా చెప్పినా. మరి కొత్తదాంట్లో ఏముంది అంటే, ప్రోగ్రెస్ బార్‌కి రంగులొచ్చినాయి. ఆయన కమాండ్ ప్రాంప్ట్‌లో అవి కూడా రంగులుగా రావు లెండి, బాణం గుర్తూ బ్రాకెట్టూ అంకెలూ వస్తాయి.

లైనక్సోళ్లు తక్కువేం కాదు. సెంటోస్ 7 అనే పాత లైనక్స్‌లో ఉండేది జిలిబ్‌సి (ప్రోగ్రాములు ఆనుకోని నడిచే మూల లైబ్రరీ) 2.17. 2021లో వచ్చిన 2.34 ఉన్న మిషన్ మీద 'నమస్తే' అని ఒక్క లైన్ ప్రింట్ చేసే ప్రోగ్రామ్ మామూలుగా కంపైల్ చేసినా చాలు, పాత మిషన్లో 'వర్షన్ నాట్ ఫౌండ్' అని మొహం మీద తలుపేస్తుంది. నమస్తే పెట్టడానికి కూడా అర్హత కావాలన్నమాట. ప్రోగ్రాములు రాసే గో భాష 1.21తో, రస్ట్ భాష 1.78తో విండోస్ 7కి దండం పెట్టేసినాయి. సరే, ఫ్రీగా రాసిచ్చేటోళ్లు, పాత మిషన్లు పెట్టుకోని టెస్ట్ చేసే ఓపిక వాళ్లకి ఎక్కడిది, సెక్యూరిటీ తలనొప్పులు కూడా నిజమే, అదంతా ఒప్పుకుంటా. కానీ కామాలు తీసేదానికి ఏం సెక్యూరిటీ అబ్బా అని మాత్రం ఎవరూ అడగొద్దు, అడిగితే ప్రగతి ఆగిపోతుంది.

కొందరు ప్రగతి నిరోధకులు ఉన్నారు, వాళ్లతో జాగ్రత్త. పాత సిస్టమ్ మీద బిల్డ్ చేస్తే కొత్తదాంట్లో కూడా నడుస్తుందని, మసల్ అనే ఇంకో చిన్న లైబ్రరీతో స్టాటిక్‌గా లింక్ చేస్తే, అంటే దాన్ని ప్రోగ్రామ్ లోపలే కలిపేస్తే, జిలిబ్‌సి గొడవే ఉండదని, కొత్త ఫంక్షన్ ఉందా లేదా అని ప్రోగ్రామ్ నడిచేటప్పుడే చూసుకోని లేకపోతే పాతదాన్ని పిలవచ్చని, ఇట్లాంటి మాటలు చెప్పి పిల్లల్ని చెడగొడతారు. నెట్ నుంచి ఫైళ్లు తెచ్చే కర్ల్ టూల్ వాళ్లయితే మరీ ఘోరం, ఇప్పటికీ 1989 నాటి సీ ప్రమాణంలోనే రాస్తారు, దాంతో అది దొరికిన ప్రతి డబ్బాలోనూ నడుస్తుంది. క్రమశిక్షణ లేదు.

కాబట్టి గవర్నమెంటు వారికి నా మనవి ఏందంటే, ఈ పద్ధతిని సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆపొద్దు. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కేసీ కెనాల్ నూట యాభై ఏళ్ల కిందటిది, ఎప్పుడో తవ్వినోళ్లు ఎవరి పొలం ఏ వర్షనో చూడకుండా అందరికీ నీళ్లు వదిలేసినారు. వెంటనే కెనాల్ 2.0 రిలీజ్ చేయాలి. తూము కొత్తదైతేనే నీళ్లు. పాత తూము రైతు వచ్చి ఎందుకు రాలేదు సామీ అంటే ఏమీ చెప్పాల్సిన పని లేదు, గట్టు మీద 'తూము నాట్ ఫౌండ్' అని బోర్డు పెడితే సరిపోతుంది.