నోట్లో నువ్వుగింజ నానని సోలార్ సెల్ గారికి

మహారాజశ్రీ డై సెన్సిటైజ్డ్ సోలార్ సెల్ గారికి, అంటే రంగుతో వెలుగు పట్టి కరెంటు చేసేవారికి, నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం మీకూ లేదు, నాకూ లేదు.

శనివారం మధ్యాహ్నం, రోళ్ళు పగిలే ఎండలో, పున్నమి ఘాట్ మెట్ల మీద నన్ను మూడు గంటలు కూర్చోబెట్టారు. నీళ్ళ ఉష్ణోగ్రత చూసే బుల్లి సెన్సర్‌కి మిమ్మల్ని తగిలించి అర మీటరు లోతున కృష్ణలోకి వదిలాను. మొదటి గంట అర వోల్టు పైనే చూపించారు. ల్యాబ్ గ్రూపులో ఫొటో కూడా పెట్టేశాను. రెండో గంటకి మీటరు పడిపోయింది. తాడు లాగి చూస్తే రెండు గాజు పలకల మధ్య నుంచి గోధుమరంగు ద్రవం కారుతోంది. "ఏం బాబూ, దాంట్లో టింక్చర్ పోశారా?" అన్నాడు పడవాయన. మీ లోపల కరెంటు మోసే ద్రవంలో ఉండేది అయోడినే కదా, ఆయన తప్పేం లేదు. నా చొక్కా జేబు మీద మరక ఇంకా అలాగే ఉంది.

మీ గొప్ప నాకు తెలియక కాదు. 1991లో ఓరెగన్, గ్రెట్జెల్ అనే శాస్త్రవేత్తలు కలిసి మిమ్మల్ని 'నేచర్' పత్రికకెక్కించారు. నీళ్ళలో ఎరుపు ముందే ఇంకిపోతుంది, లోతుకి దిగేది నీలం, ఆకుపచ్చ వెలుగే. (వరద నీళ్ళలో నీలం కూడా దక్కదు, అది కృష్ణమ్మతో వేరే పంచాయితీ.) సిలికానేమో ఎరుపంటే పడిచస్తుంది. మీ రంగుకి నీలం, ఆకుపచ్చే తిండి. మసక వెలుగైనా సర్దుకుంటారు. జాతకాలు ఇంత చక్కగా కలిశాయనే కదా ఏరికోరి తెచ్చుకున్నాను!

రుథేనియం రంగు ఖరీదు, ప్లాటినం పూత ఖర్చు ఎత్తను. నా ఫెలోషిప్ ఎప్పుడొస్తుందో అసలే ఎత్తను.

కానీ ఆ సీలు! రంగుని పట్టుకునే టైటానియం డయాక్సైడ్ (టైటానియా) పేస్టు గాజు మీద పూసి 450 డిగ్రీల్లో అరగంట కాల్చాను. రాత్రంతా రంగులో నానబెట్టాను. సర్లిన్ అనే ప్లాస్టిక్ ఫిల్ము పెట్టి రెండు గాజుల్నీ వేడితో అతికించాను. ద్రవం ఎక్కించిన కంతకి మరో గాజుముక్క, చుట్టూ ఎపాక్సీ జిగురు. ఇంత చేసినా మీ నోట్లో నువ్వుగింజ నానదు. లోపలి ద్రవంలో ఉన్న అసిటోనైట్రైల్ అనే ద్రావకం 82 డిగ్రీలకే మరుగుతుంది, సందు దొరికితే చాలు, ఉడాయిస్తుంది. అది బయటికి, కృష్ణమ్మ లోపలికి. నీళ్ళు చేరాక టైటానియాని పట్టుకున్న రంగు ఊడిపోతుంది. ఇంకేం కరెంటు, నా మొహం!

ఏ సెమినార్‌కి వెళ్ళినా నీ ఎఫిషియెన్సీ అర శాతం పెరిగిందని చప్పట్లు. అవును, 'నువ్వు' అనే అంటాను, మర్యాద శనివారమే అయిపోయింది. ఎవడికి కావాలి ఆ అర శాతం? ఎక్కువసేపు నిద్రపోయే సెన్సర్ అడిగేది చిటికెడు కరెంటు, కాకపోతే నెలల తరబడి. రెండు గంటలు నోరు మూసుకుని ఉండలేనిదానివి, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు రికార్డులెందుకు నీకు?

రాత్రి ఇంట్లో నీ తమ్ముణ్ణి తీశాను. అమ్మ పూజకి కోసుకున్న మందారాల రసంలో ముంచి, పెన్సిల్ కార్బన్ రుద్ది, ఇంటర్ పిల్లలకి చూపించడానికి నేనే చేసిన సెల్ అది. రెండు చుక్కలు ద్రవం వేసి ట్యూబ్‌లైటు కింద పెడితే మీటరు ముల్లు నెమ్మదిగా లేచింది. కోపం కాస్త దిగింది. చొక్కా కనబడేసరికి మళ్ళీ ఎక్కింది.

సరే, ఎలాగూ నీళ్ళు దూరడం ఖాయమైతే ముందే లోపల నీళ్ళే పోస్తాను. నీటితో చేసిన ఎలక్ట్రోలైట్లు (కరెంటు మోసే ద్రవాలు) ఉన్నాయి, నీటికి అంత తేలిగ్గా లొంగని రంగులున్నాయి. కరెంటు తగ్గితే తగ్గనీ. వచ్చే శనివారం అదే మెట్టు, అదే పడవాయన. తెల్లచొక్కా మాత్రం వేసుకురాను.

ఇట్లు,
మరక జేబువాడు, విజయవాడ