సవరణ: ఏడీహెచ్‌డీ మందుల చీటీ గురించి

ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) వాడే మిథైల్‌ఫెనిడేట్‌ అనే మందుకి మామూలు చీటీ చాలని, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల ఏ మందుల షాపులోనైనా దొరుకుతుందని మొన్న రాశాం. రెండూ తప్పే, మన్నించండి. అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి నిబంధనలున్న జాబితాలోది. డాక్టరు చీటీ రెండు ప్రతులు ఇవ్వాలి. ఒకటి షాపువాళ్లు రెండేళ్లు భద్రపరచాలి. అమ్మడానికి విడిగా లైసెన్సు కావాలి కాబట్టి చాలా షాపులు అసలు తెప్పించవు. గాజువాక నుంచి బస్సెక్కి వచ్చి ఉత్త చేతులతో తిరిగెళ్లకుండా ముందే ఫోన్ చేసి అడగండి. మతిమరుపే సమస్యైనవాళ్లకి ఆఖరి మాత్ర రోజునే చీటీ గుర్తొస్తుంది. అందుకని ఏడు రోజుల మాత్రలు విడిగా కవర్లో పెట్టండి. ఆ కవరు తెరిచిన రోజే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు అటామాక్సెటీన్‌కి ఈ రెండు ప్రతుల గొడవ లేదు. కాకపోతే వారంలో గుణం కనిపిస్తుందన్న మా మాట కూడా తప్పు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పనిచేయట్లేదని రెండో వారంలోనే మీ అంతట మీరు మానేయకండి.