డికెన్స్‌కు మర్యాద తెలియదు

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే ఎక్కడో ఒక స్టాల్లో కొత్త అమెరికా యాత్రాగ్రంథం ఎదురవుతుంది. రాసింది పేరున్న నవలాకారుడే అయి ఉంటాడు. అట్ట మీద నయాగరా, దాని ముందు నీలం రెయిన్‌కోటులో రచయిత, జలపాతం కంటే కాస్త పెద్దగా. ఇలాంటి పుస్తకాలను కుర్రకారు వెటకారం చేస్తున్నారని విని మనసు చివుక్కుమంది. వాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పక తప్పదు.

మర్యాద లేని యాత్రికుడు ఎలా ఉంటాడో ముందు చూడండి. 1842 జనవరిలో ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ అమెరికా చూద్దామని బోస్టన్‌లో ఓడ దిగాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. న్యూయార్క్‌లో అతని గౌరవార్థం డాన్సు ఏర్పాటు చేస్తే సుమారు 3 వేల మంది వచ్చారు. ఇంత జరిగాక మనిషన్నవాడు ఏం చేయాలి? ఆతిథ్యం అమోఘమని రాసి ఊరుకోవాలి. ఈయన ఫిలడెల్ఫియా జైలుకు వెళ్లి, ఒంటరి గదుల్లో మగ్గుతున్న ఖైదీలతో మాట్లాడాడు. వాషింగ్టన్‌లో పెద్దమనుషులు పొగాకు నమిలి ఎక్కడ పడితే అక్కడ ఉమ్ముతుంటే చూసి, ఆ నగరానికి పొగాకు ఉమ్మి రాజధానిగా పట్టం కట్టాడు. పారిపోయిన బానిసలను పట్టివ్వమంటూ యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనలు, ఒంటి మీది వాతలూ మచ్చలూ ఆనవాళ్లుగా చెప్పినవి, వరసపెట్టి ఎత్తి రాశాడు. పైగా విందుకు పిలిస్తే అక్కడే లేచి కాపీరైటు సంగతేమిటని అడిగాడు. (ఈ ఒక్క విషయంలో తెలుగు రచయితలు లోలోపల అతన్ని సమర్థించవచ్చు.) అక్టోబరుకల్లా పుస్తకం బయటికి తెచ్చేశాడు. తిన్న ఉప్పు ఇంకా అరగనే లేదు!

మన నవలాకారుడు అలాంటివాడు కాదు. గన్నవరంలో విమానం ఎక్కించడానికి వచ్చినవాళ్ల పేర్లతోనే మొదటి అధ్యాయం నిండుతుంది. న్యూజెర్సీలో దిగగానే బ్రాడీపేట కుర్రాడు కారు తెస్తాడు. రోడ్లు వెడల్పుగా ఉన్నాయి, ఎవరూ హారన్ కొట్టడం లేదు. రచయితకు బెంజి సర్కిల్ గుర్తొచ్చి ఒక పేజీ నిట్టూర్పు. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి కనిపిస్తే రెండు పేజీల ఆనందబాష్పాలు. శనివారం బేస్‌మెంట్‌లో సాహిత్య సభ. వచ్చినవాళ్లలో ఎవరిది తెనాలి, ఎవరిది పొన్నూరు, నరసరావుపేట వాళ్లకు సత్తెనపల్లి వాళ్లు ఏ వైపు చుట్టాలు, అన్నీ ఉంటాయి. ఉమ్మడి గుంటూరు జిల్లాను ఇంత వివరంగా ఏ గెజెటీర్ కూడా రాయలేదు.

అమెరికన్ ఉండడా అంటే, ఉంటాడు. ఎక్కడో పుస్తకం మధ్యలో కాఫీ కప్పు అందించి ‘హ్యావ్ ఎ నైస్ డే’ అంటాడు. ఆ ఒక్క ముక్కతో మన రచయిత పాశ్చాత్య నాగరికతలోని ఒంటరితనాన్ని పూర్తిగా తేల్చేస్తాడు. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో కాశీకి బయల్దేరి దారిపొడుగునా ఊళ్లు, బాటలు, బసలు, దొరికే సరుకులు రాసుకుంటూ పోయారు. ఆయన నవలాకారుడు కాదు పాపం, చూసింది రాయడం తప్ప ఇంకో విద్య తెలియదు.

ఇక కారు నడిపే కుర్రాడి సంగతి. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం క్యూలో ఉన్నాడు. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి, మనవాళ్లేమో లక్షల్లో ఉన్నారు. ఉద్యోగం పోతే ఇల్లు, పిల్లల బడి ఏమవుతాయో అని టెన్షన్. నయాగరా వెళ్లి వచ్చేదాకా పక్క సీట్లో కూర్చుని రచయిత ఇదంతా విన్నాడు. పుస్తకంలో మాత్రం ఒక్క వాక్యం లేదు. రాస్తే బ్రాడీపేటలో కుర్రాడి నాన్నగారు నొచ్చుకుంటారు. పుస్తకావిష్కరణకు హాలు అద్దె కట్టేది ఆయనే.

ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి రచయిత వి.ఎస్. నైపాల్ 1964లో మన దేశం గురించి రాసిన పుస్తకం మీద మనకు ఇప్పటికీ కోపం పోలేదు. జనం ఆరుబయట మలవిసర్జనకు కూర్చోవడం గురించి కూడా రాశాడని మరీ మండిపడతాం. తప్పు అతనిదని నేననను. బెజవాడలో ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి, దుర్గమ్మ వీఐపీ దర్శనం చేయించి, పప్పులో రెండు చెంచాల నెయ్యి వేసి, సాయంత్రం శాలువా కప్పి ఉంటే ఆ పుస్తకం ఎంత ప్రశాంతంగా ఉండేది!

మన నవలాకారుడి తర్వాతి యాత్ర ఆస్ట్రేలియాకట. మెల్‌బోర్న్‌లో తెనాలి వాళ్లింట్లో ఒక గది ఖాళీగా ఉంది. కారు నడపడానికి అల్లుడు సెలవు పెడుతున్నాడు. ముందుమాట రాసేవారు ఇప్పటికే రాసి ఇచ్చేశారు.