ఆశ మీద బేరం

మూడేళ్లొచ్చినా పిల్లాడికి మాటలు రాకపోతే మన ఇళ్లలో మొదటి ప్రశ్న అమ్మమ్మ దగ్గర నుంచే వస్తుంది: ‘వస పోశారా, లేదా?’ సాన మీద అరగదీసిన వసకొమ్ము నాలుకకు రాస్తే మాటలొస్తాయన్నది తరాల నమ్మకం. గడగడా మాట్లాడే వాళ్లను చూసి, చిన్నప్పుడు వస ఎక్కువ పోసినట్టున్నారని ఇప్పటికీ నవ్వుకుంటాం. మాట రాని ఇంట్లో మాత్రం ఆ నవ్వు ఉండదు. ‘వాళ్ల నాన్నకూ లేటుగానే వచ్చాయిలే’ అనుకుంటూ ఇంకో ఏడాది గడుస్తుంది. ఆ తర్వాత ఒకరోజు డాక్టరు గదిలో, పది నిమిషాల్లో, ఆటిజం అన్న మాట వింటారు. మాట, నలుగురితో కలిసే తీరు మిగతా పిల్లల్లా ఎదగని పరిస్థితి అది. దీన్ని పోగొట్టే మందు లేదు, థెరపీ చేయించండి అంటారు. థెరపీ సెంటర్లో ఖాళీ ఉండదు. ఫైలు చంకలో పెట్టుకుని వరండాలో కూర్చున్న తల్లి ఫోన్లో అప్పుడే ఓ వీడియో తిరుగుతుంది. మాటలు రాని బాబు నాలుగు నెలల్లో ‘అమ్మా’ అంటున్నాడు. కింద నంబరు ఉంటుంది.

ఆ నంబరుకు ఫోన్ చేసిన తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అవతల ఫోనెత్తి మూలకణ చికిత్స (స్టెమ్ సెల్ థెరపీ) అమ్మేవాళ్ల సంగతే మాట్లాడుకోవాలి.

మూలకణ చికిత్స అంటే వినడానికే పెద్ద సైన్సులా ఉంటుంది. పిల్లాడికి మత్తిచ్చి, తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, ల్యాబ్‌లో కణాలు వేరు చేసి వెన్నులోకి ఎక్కిస్తారు. ఒక్కసారితో అయిపోదు, ఇంకో రెండు సిట్టింగులు పడతాయంటారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. పొలం కాగితాలు, బీరువాలోని బంగారం కదిలేది ఇక్కడే. మరి ఫలితం? అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం, మూలకణాలుండే బొడ్డుతాడు రక్తంతో 180 మంది పిల్లల మీద పరీక్ష జరిపి 2020లో ప్రకటించింది. నలుగురితో కలిసే తీరులో, కణాలు ఎక్కించిన పిల్లలకూ ఉత్తుత్తి మందు ఎక్కించిన పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మా పద్ధతి వేరండీ అంటారు అమ్మేవాళ్లు. వేరే అయితే ఆ పద్ధతికీ అలాంటి పరీక్షే చేసి చూపాలి కదా! ‘ఇది ట్రయల్’ అంటూనే బిల్లు చేతిలో పెడితే అది ట్రయల్ కాదు, వ్యాపారం.

ఇదేం మన సొంత అనుమానం కాదు. జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన ఎథిక్స్ బోర్డు 2022 డిసెంబరులోనే తేల్చి చెప్పింది: ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయలేం, దాన్ని రాసినా, ప్రచారం చేసినా వృత్తిపరమైన దుష్ప్రవర్తనే అని. ఆర్‌ఎంపీల దుకాణాల మీద తెలంగాణ వైద్య మండలి దాడులు చేయడం ఈమధ్య చూశాం. అది అవసరమే. కానీ లక్షలు గుంజే ఈ బేరం నడిపేది డిగ్రీలు లేనివాళ్లు కాదు. గోడకు ఫ్రేము కట్టిన పట్టాలున్నవాళ్లు. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా ప్రకటనలు చూసి తమంతట తామే నోటీసులివ్వడానికి రెండు రాష్ట్రాల వైద్య మండళ్లకూ అడ్డేముంది?

చదువుకున్న తల్లిదండ్రులు కూడా ఎలా నమ్ముతారు అని అడిగేవాళ్లకు సెక్రెటిన్ కథ చెప్పాలి. అది జీర్ణకోశ పరీక్షల్లో వాడే హార్మోను. 1998లో ముగ్గురు ఆటిజం పిల్లలకు అది ఇచ్చాక కళ్లలోకి చూస్తున్నారు, మాట్లాడుతున్నారు అని అమెరికాలో ఓ నివేదిక వచ్చింది. తల్లిదండ్రులు ఎగబడ్డారు. మరుసటి ఏడాది 60 మంది పిల్లలతో పరీక్ష చేశారు. కొందరికి సెక్రెటిన్, మిగతావాళ్లకు ఉప్పునీరు. ఎవరికి ఏది ఎక్కిందో ఇంట్లో వాళ్లకు తెలియదు. నెల తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ కాస్త మెరుగు కనిపించింది, దాదాపు ఒకేలా. ఆ మాట తల్లిదండ్రులకు విప్పి చెప్పాక కూడా వాళ్లలో 69 శాతం మందికి సెక్రెటిన్ మీద ఆసక్తి పోలేదు.

ఆ 69 శాతాన్ని చూసి నవ్వడం తేలిక. కానీ ఆటిజం ఉన్న పిల్లలూ ఎదుగుతారు, తమ వేగంతో తాము. నాలుగో ఏట రాని మాట ఐదో ఏట వస్తే, ఆ మధ్యలో ఏది వాడుతున్నామో దానికే పేరొస్తుంది. దగ్గరుండి చూసిన తల్లికి అది కళ్లతో చూసిన నిజం. వీడియోలు తీసేవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. మాట రాని పిల్లల వీడియోలు వాళ్లు పెట్టరు.

అన్నీ ఒక్క గాటన కట్టనక్కర్లేదు. మొక్కు మొక్కుకుంటే, తాయత్తు కడితే పోయేదేం లేదు, స్పీచ్ థెరపీ మానకపోతే చాలు. గోధుమలు, పాలు మానిపించే డైట్ అంత అమాయకమైంది కాదు. అది ఆటిజాన్ని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు సరే, పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లాడి కంచంలోంచి పెరుగు తీసేస్తే వాడేం తినాలి? ఇక ఒంట్లోంచి లోహాలు లాగేస్తామనే చెలేషన్ ఏకంగా ప్రాణాలు తీసింది. 2005లో పెన్సిల్వేనియాలో అది ఎక్కిస్తుండగా రక్తంలో క్యాల్షియం పడిపోయి ఐదేళ్ల బాబు చనిపోయాడు. బ్లీచ్ లాంటి క్లోరిన్ డయాక్సైడ్ ద్రావణాన్ని ఆటిజానికి మందంటూ తాగించవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదే పదే హెచ్చరించాల్సి వచ్చిందంటే ఈ బజారు ఎంతదూరం పోయిందో తెలుస్తుంది.

‘అయితే మమ్మల్నేం చేయమంటారు?’ అన్న తల్లిదండ్రుల ప్రశ్నకు ప్రభుత్వాల దగ్గర జవాబు లేకపోలేదు. కాగితం మీద ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులకూ అందులో చోటుంది. పిల్లల్లో ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకోవడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లోనే మొదలైంది. దానికింద జిల్లా కేంద్రాల్లో సత్వర చికిత్స కేంద్రాలుండాలి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థే ఉంది. కానీ ఆదిలాబాద్ నుంచో, పాడేరు నుంచో వారానికి రెండుసార్లు పిల్లాడిని ఎత్తుకుని నగరానికి ఎవరు రాగలరు? ఒకరి కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం.

దానికీ దారి లేకపోలేదు. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. నిపుణులు కాని మామూలు కార్యకర్తలకు తర్ఫీదిచ్చి పంపారు. బిడ్డ చూపు ఎటు పోతోందో గమనించడం, వాడు అందించిన బొమ్మను అందుకుని మాట కలపడం, జవాబు కోసం కాసేపు ఆగడం వాళ్లు తల్లిదండ్రులకు నేర్పారు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆటిజం పోతుందని అక్కడ ఎవరూ చెప్పలేదు, గ్యారంటీ కార్డు ఇవ్వలేదు. అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు ఊరూరా ఉన్న మన రాష్ట్రాల్లో ఇలాంటి తర్ఫీదు జిల్లాకు పాతిక మందికిస్తే, ఆ వరండాలో కూర్చున్న తల్లికి వీడియో కింది నంబరు కాకుండా ఇంకో నంబరు దొరుకుతుంది.