కళ్ల పక్క ముడతలకు వైద్యం చాటుగా చేయించుకునేది కాదు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ స్కిన్ క్లినిక్ బోర్డులు ఎలా వెలుస్తున్నాయో, పెళ్లిళ్ల సీజన్‌లో పార్లర్లు ఏం ప్యాకేజీలు పెడుతున్నాయో మళ్లీ చెప్పక్కర్లేదు. కళ్ల పక్క గీతలకు బొటాక్సా, ఫిల్లరా, లేజరా, క్రీమా అని అడిగేవాళ్లు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు. నా మాట సూటిగా చెప్తా. ముందు ఎండ నుంచి కాచుకోండి, తర్వాత రాత్రిపూట రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం) క్రీము, అదీ చాలకపోతే అప్పుడు స్కిన్ డాక్టర్ చేతి బొటాక్స్, అంటే కండరాన్ని సడలించే సూదిమందు. ఈ వరస తప్పినవాళ్లే డబ్బూ చర్మమూ రెండూ పోగొట్టుకుంటున్నారు.

ముడతలంటే వయసు అని మనలో బాగా నాటుకుపోయింది. వయసు పాత్ర లేకపోలేదు, కానీ ముఖం మీద కనిపించే ముదురుదనంలో పెద్ద వాటా ఎండదే. 2012లో అమెరికా వైద్య పత్రిక ఒకటి 69 ఏళ్ల లారీ డ్రైవర్ ఫొటో వేసింది. 28 ఏళ్లు బండి నడిపిన మనిషి. కిటికీ వైపున్న ఎడమ చెంప, ఎడమ కన్ను చుట్టూ చర్మం మందంగా, లోతైన మడతలతో ఉంటే, కుడి వైపు అదే మనిషిదేనా అన్నంత తేడాగా ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో, చర్మాన్ని కమిలించే యూవీబీని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, లోపలి పొరల్లోకి దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ను పాడుచేసే యూవీఏను మాత్రం చాలావరకు వదిలేస్తుంది. మన బండ్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి గూడూరు, కావలి మీదుగా హైవేలో ఏళ్ల తరబడి లారీ తోలిన వాళ్ల కుడి కంటి పక్క ఒకసారి చూడండి.

ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో 903 మంది మీద నాలుగున్నరేళ్లు పరిశోధన చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం, ఇష్టమైనప్పుడు రాసుకున్నవాళ్ల కంటే 24 శాతం తక్కువ ముదిరింది. వాళ్లు కొలిచింది చేతి వెనక చర్మాన్ని. కంటి చుట్టూ ఉండేది అంతకంటే పల్చన, దాదాపు అర మిల్లీమీటరే. అక్కడ ఎండ ఏం చేస్తుందో మైపాడు, కొత్తపట్నం తీరాల్లో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లను, రొయ్యల గుంటల గట్ల మీద మేత వేసేవాళ్లను, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లను చూస్తే తెలుస్తుంది. పైనుంచి ఎండ చాలదన్నట్టు నీటి మీద, ఇసుక మీద పడ్డ వెలుగు తిరిగి కళ్లలో కొడుతుంది, రోజంతా కళ్లు చిట్లించే ఉంటారు. ఆ కిరణాల్ని ఆపే, యూవీ 400 అని రాసి ఉన్న నల్ల కళ్లద్దాలు ఈ పనిలో ఏ ఐ క్రీము కంటే ఎక్కువ మేలు చేస్తాయి. చుట్ట, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లకైతే ముడతలు ఇంకా ముందే వస్తాయి.

ఇక వైద్యం సంగతి. నవ్వినప్పుడు మాత్రమే పడే గీతలు వేరు, నవ్వకపోయినా ఉండిపోయే గీతలు వేరు. మొదటివి కంటి చుట్టూ ఉండే కండరం ముడుచుకోవడం వల్ల వచ్చేవి, వాటికి బొటాక్స్ బాగా పనిచేస్తుంది. అదేదో ఫ్యాషన్ మందు అనుకుంటారు గానీ అది మొదట కంటి వైద్యానిదే. మెల్లకన్నుకూ, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకూ అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది. కెనడాలో జీన్ కారుథర్స్ అనే కంటి డాక్టర్ తన పేషెంట్లకు కనుబొమల మధ్య గీతలు పోవడం గమనించాకే అందం కోసం వాడకం మొదలైంది. కళ్ల పక్క గీతలకు అమెరికాలో అనుమతి దొరికింది 2013లో, ఒక్కో వైపుకు 12 యూనిట్లు. రెండు వారాల్లో పూర్తి ఫలితం, మూడు నాలుగు నెలలు ఉంటుంది. సూది చోటు తప్పితే రెప్ప వాలిపోవచ్చు. గర్భిణులకు, కండరాల బలహీనత జబ్బు ఉన్నవాళ్లకు వద్దు.

ఉండిపోయిన గీతలకు ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్ నయం. డాక్టర్ చెప్పిన బలంలో, వారానికి రెండు మూడు రాత్రులతో మొదలుపెట్టి నెలల తరబడి ఓపిక పట్టాలి, గర్భంతో ఉంటే ముట్టుకోకూడదు. లేజర్ మన చామనఛాయ చర్మం మీద జాగ్రత్తగా చేయకపోతే నల్లమచ్చలు మిగులుతాయి. గీతల్ని పూడ్చడానికి చర్మం కింద జెల్ ఎక్కించే ఫిల్లర్ అంటే మాత్రం నాకు భయమే. అరుదుగానైనా అది రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు.

"వయసుతో వచ్చే గీతల్ని అలాగే ఉండనీయాలి, దీనికి వైద్యమేంటి" అనే వాదనను నేను గౌరవిస్తాను. వద్దనుకున్నవాళ్లకు ఏ వైద్యమూ అక్కర్లేదు. కానీ ఆ మాట చెప్పేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఆడవాళ్లకే. యాభై దాటిన మగాడు నెలనెలా జుట్టుకు రంగేసుకుంటే ఎవరూ పట్టించుకోరు. నలభై దాటిన ఆడమనిషి స్కూటీ మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వెళ్తే "ఈ వయసులో ఈవిడకు షోకులు" అంటారు. అత్తగారు అంటుంది, ఆడపడుచు అంటుంది, ఆఫీసులో పక్క సీటాయనా అంటాడు.

ఈ ఎగతాళే నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే అసలు నష్టం దాని వల్లే జరుగుతోంది. నెల్లూరు పొగతోటలో అన్ని ఆసుపత్రులుండగా, ఎవరైనా చూస్తారేమోనని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లని ఆవిడ ఏం చేస్తుంది? మందుల షాపులో మెల్లగా అడిగి, స్టెరాయిడ్ కలిసిన ట్యూబు తెచ్చుకుని రాసుకుంటుంది. నాలుగు రోజులు ముఖం నిగనిగలాడుతుంది. ఆ తర్వాత చర్మం పల్చబడి ఎర్ర నరాలు తేలతాయి, ముడతలు ఇంకా ఎక్కువ కనపడతాయి. కళ్ల దగ్గర నెలల తరబడి రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా, దాంతోపాటు శుక్లాలు కూడా వచ్చే ప్రమాదం ఉంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇస్తున్నారు, అధికారులు తనిఖీకి వచ్చింది ఎంతమంది చూశారు? ఇంకొందరు పార్లర్ వెనక గదిలో, ఎవరు కలిపారో ఎప్పుడు కలిపారో తెలియని సూది వేయించుకుంటారు. తేడా చేస్తే ఇంట్లో చెప్పుకోలేరు, ఫిర్యాదూ చేయలేరు. చాటుగా చేయించుకున్నదానికి బిల్లు ఎక్కడుంటుంది?

అందుకే బొటాక్స్ నిర్ణయించుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇంట్లో చెప్పే వెళ్లండి, వీలైతే మీ ఆయన్నో కూతుర్నో వెంట తీసుకెళ్లండి. సూది వేసే మనిషికి డెర్మటాలజీలో ఎండీ గానీ డిప్లొమా గానీ ఉందా, లేక ప్లాస్టిక్ సర్జనా అని అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే చోట కుర్చీలో కూర్చోవద్దు. మందు ఫ్రిజ్‌లోంచే తీశారా, సీసా మీ ముందే తెరిచారా చూడండి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని యూనిట్లు వేశారో బిల్లు మీద రాయించుకోండి.